తలుపు తీసిన పిల్లకి

ఇన్సేన్, రంగూన్
జనవరి 18, ఆదివారం

చిరంజీవి అమ్ములుకి,

మామ్మ దీవెనలు. ఇక్కడ మేం నలుగురం క్షేమం. అక్కడ నువ్వు కూడా క్షేమంగా ఉండాలి గనక, ముందుగా నీ ఉత్తరంలో ఒక తప్పు దిద్దుతున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు ఎర్ర సిరాతో బతికినదాన్ని, తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు.

నువ్వు ఇలా రాశావు: "నర్గిస్ తుఫానప్పుడు, ఆ చలికాలంలో, మామ్మ గది మూసేసి కుంపటి పెట్టి అమ్మనీ తమ్ముణ్నీ కాపాడింది. మేమూ అలాగే చేస్తాం. ఈసారి నేను తలుపు తియ్యనులే మామ్మా!" నర్గిస్ వచ్చింది చలికాలంలో కాదు. మే నెల మొదట్లో, మామిడిపళ్ల రోజుల్లో. అప్పటికి నీకు ఐదేళ్లు కాబట్టి సగం మార్కులు వేస్తున్నాను. ఆ మాటల్లోనే ఇంకో తప్పుంది, చాలా పెద్దది. దాన్ని దిద్దడానికి నాకు కాస్త ధైర్యం కావాలి. ఈ కాగితాలు అయిపోయేలోగా తెచ్చుకుంటాను. అంతవరకు బుధవారం నాడు ఫోన్లో పంపిన మూడు మాటలు పట్టుకుని ఉండు: గదిలో బొగ్గు వెలిగించకు.

"సరే, కానీ ఎందుకు?" అని అడిగావు. నీ 'సరే' ఎన్నాళ్లు నిలుస్తుందో నాకు తెలుసు. నెలాఖరుకి మళ్లీ మంచు తుఫాను వస్తుందని నువ్వే రాశావు. కారణం తెలిస్తే తప్ప ఆగే పిల్లవి కావు. ఆ కారణం ఫోన్లో చెప్పేది కాదు. అందుకే ఈ ఉత్తరం సు సు చేతికిస్తున్నాను. మన వెనక వీధి డా ఖిన్ గారి మనవరాలు, జడ రెండు మూరలుంటుంది, ఆ పిల్లే. ఈ శుక్రవారం బయల్దేరి జపానులో నువ్వు పనిచేసే ఆ అవొమోరి వృద్ధాశ్రమంలోనే పనికి చేరుతోంది. పాపం, ఇక్కడి జనవరికే మేజోళ్లు వేసుకుని తిరుగుతోంది. నేనేం తక్కువ తిన్లేదు. తెల్లవారి పద్దెనిమిది డిగ్రీలుంటే మీ తాతయ్య స్వెట్టరు బయటికి తీశాను. నీకు మైనస్ ఎనిమిది అని తెలిసిన దగ్గర్నుంచి ఆ స్వెట్టరు వేసుకోవాలంటే సిగ్గేస్తోంది. వేసుకుంటున్నాననుకో.

ఇక నువ్వు అడిగినవి. నా మోకాలు మెట్లు దిగేటప్పుడు మాత్రమే తను ఉన్నట్టు గుర్తు చేస్తోంది. నీ తమ్ముడు సంతోష్ జపాను భాష నేర్చుకుంటున్నాడా అంటే, నేర్చుకుంటున్నాడు. ఇప్పటివరకు క్షమాపణ చెప్పడం ఒక్కటే వచ్చింది. ఇంట్లో ఆ ఒక్క మాటతోనే చాలా పనులు ఎగ్గొడుతున్నాడు. కానీ కుర్రాడిది మంచి చెయ్యి. పాత కారు బ్యాటరీ ఒకటి తెచ్చి, రేకుల మీద సోలారు పలక బిగించి, మూడు లైట్లూ ఒక ఫ్యానూ ఆడిస్తున్నాడు. మీ నాన్న ఢిల్లేశ్వరరావు తన్లిన్ రేవులో పని ముగించుకుని బస్సు దిగేసరికి వీధంతా చీకటి, మనింట్లో మాత్రం వెలుగు. "కలెక్టరు బంగళాలా ఉంది," అని మురిసిపోతున్నాడు. కరెంటుకి మాకు అవే నాలుగు గంటల వంతులు. కరెంటు రాగానే వీధి మొత్తం "మీ లా బ్యీ!" అని కేక వేస్తుంది, ఆడా మగా నీళ్ల మోటార్ల మీదికి పరుగెత్తుతారు. మీ ఊళ్లో రెండు రోజులు కరెంటు పోతే కంపెనీ వాళ్లు టీవీలో నడుం వంచి మన్నించమన్నారని రాశావు. మా వాళ్లు అలా మొదలెడితే మళ్లీ నడుం ఎత్తే తీరిక ఉండదు.

మీ గదిలో కిరసనాయిలు హీటరుందనీ, కిరసనాయిలూ ఉందనీ, కానీ లోపలి ఫ్యాను తిరగాలంటే కరెంటు కావాలనీ చదివి రెండుసార్లు నవ్వాను. చలికి చేసిన వస్తువు సరిగ్గా చలి ముదిరినప్పుడే చేతులెత్తేయడం మన ఊరి తెలివే అనుకునేదాన్ని. ఆ రెండు రోజులూ నువ్వూ, నేపాలీ పిల్లా, వియత్నాం పిల్లా కోట్లు వేసుకుని ఒకే పరుపు మీద పడుకున్నారని చదివాక మాత్రం నవ్వు రాలేదు. తర్వాత ముగ్గురూ వెళ్లి చేపలు కాల్చుకునే మట్టి కుంపటీ, ఒక సంచి బొగ్గులూ కొన్నారు. కిటికీ సందులకు టేపు వేసి, ఈసారి తుఫాను వస్తే గదిలోనే వెలిగించాలనుకున్నారు. నా పేరు చెప్పి మిగతా ఇద్దరికీ ధైర్యం చెప్పావట. ఆ వాక్యం దగ్గర నా కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను.

సరే. ఇంక తప్పించుకోలేను.

సంతోష్ పుట్టి పదకొండో రోజు. మీ నాన్న తన్లిన్‌లో చిక్కుకుపోయాడు, వంతెన మీద రాకపోకలు లేవు. తెల్లవారినా గాలి తగ్గలేదు. ముందు గది రేకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే, మనం నలుగురం వెనక ఇటుక గదిలోకి చేరాం. మీ అమ్మ పచ్చి బాలింత, పొత్తిళ్లలో పిల్లవాడు, నువ్వు, నేను. గుడ్డలన్నీ తడిసి ముద్దయ్యాయి. కరెంటు రాత్రే పోయింది. బాలింతకి చలిగాలి తగలకూడదు, కుంపటి సెగ తగలాలి, ఇది మా అమ్మా, వాళ్లమ్మా పెట్టిన పద్ధతి. వాళ్లు పెట్టింది చెక్క ఇళ్లలో. ఆ గోడల సందుల్లోంచి పిల్లులు కూడా వచ్చి పోయేవి. నేను పెట్టింది సిమెంటు పూసిన ఇటుక గదిలో. కిటికీకి టార్పాలిన్ కొట్టి, తలుపు కింద మీ అమ్మ పాత చీరలు కుక్కి, గడియ వేసి, బొగ్గులు ఎర్రగా రగిలాక కుంపటి లోపల పెట్టాను. పొగ లేదు కదా, ఇంకేం భయం అనుకున్నాను.

నేనేం పాఠం చెప్పేదాన్నో నీకు తెలుసు. ఎనిమిదో తరగతికి సైన్సు. బొగ్గుకి చాలినంత గాలి అందకపోతే ఏం పుడుతుందో, దానికి రంగూ వాసనా ఉండవనీ, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుందనీ, ఏటేటా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. పరీక్షలో అది రాయనివాడికి సున్నా వేశాను.

మీ అమ్మ అంది, "అత్తా, తల పగిలిపోతంది."

"బాలింతవి, తల నొప్పెట్టక ఏటవుద్ది? మాటాడకు. చెవుల్లో దూది సర్దుకో."

"కడుపులో తిప్పుతంది."

"కళ్లు మూసుకో."

నాకూ తల దిమ్ముగానే ఉంది. రాత్రి నిద్ర లేదు కదా అనుకున్నాను. సంతోష్ ఏడుపు మానేశాడు. వెచ్చగా పడుకున్నాడని సంబరపడ్డాను. అమ్ములూ, ఆ సంబరం నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నువ్వొక్కదానివే తలుపు దగ్గర నిలబడి గొణుగుతున్నావు. బడి తెరిచేసరికి కావాలని మీ నాన్న కొన్న ఎర్ర గొడుగు ముందు గదిలో ఉండిపోయింది. "మామ్మా, నా గొడుగు తడిసిపోతాది," అన్నావు. గొడుగు తడిసిపోతుందట! "నోరు మూసుకు కూకో, తలుపు జోలికెళ్లేవంటే కాళ్లు ఇరగ్గొడతాను," అన్నాను. నువ్వు ఎప్పుడు నా మాట విన్నావు గనక? పీట లాక్కుని, దాని మీదెక్కి, గడియ లాగేశావు. గాలి తలుపుని గోడకేసి కొట్టింది. కుంపటిలో నిప్పులు చెల్లాచెదరయ్యాయి. నేను లేచి నీ చెంప మీద కొట్టాను. వేళ్లు అచ్చు పడేలా కొట్టాను. ఆ తర్వాత రెండడుగులు వెయ్యబోతే కాళ్లు నావి కావు. గడప మీద కూలబడి వాంతి చేసుకున్నాను. వెనక్కి తిరిగి పిలిస్తే మీ అమ్మ పలకలేదు. పిల్లవాడి పెదాలు చెర్రీ పండులా ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు దేని గుర్తో నా పుస్తకంలోనే ఉంది.

ఇద్దర్నీ వానలోకి ఈడ్చాను. చాలాసేపటికి వాడు ఏడ్చాడు. ఇంకా చాలాసేపటికి మీ అమ్మ కళ్లు తెరిచింది.

అప్పటికి పక్కింటి రామమ్మ వచ్చింది. తీసి ఉన్న తలుపుని చూసింది, మీ అమ్మని చూసింది. "ఓలమ్మో, తలుపెవలు తీసేరు? బాలింతకి గాలి సోకీసింది!" అంది. నేను నోరు విప్పి ఒక్క మాట అంటే అయిపోయేది. టీచరమ్మని. వీధిలో అందరి పిల్లలకీ పాఠం చెప్పినదాన్ని. ఆ ఒక్క మాట అనలేకపోయాను. "అమ్ములు తీసింది," అన్నాను.

అంతే. ఆ రోజు నుంచి నువ్వు తలుపు తీసిన పిల్లవి అయ్యావు. పెళ్లిళ్లలో అన్నారు, పేరంటాల్లో అన్నారు, నవ్వుతూనే అన్నారు. నువ్వూ నవ్వావు. ఇప్పుడు మైనస్ ఎనిమిదిలో కూర్చుని "ఈసారి తియ్యనులే" అని రాశావు. అది చదివాక నాకు తెలిసింది, ఆ నవ్వు కింద నువ్వు దాన్ని ఇన్నేళ్లూ మోస్తూనే ఉన్నావని.

కాబట్టి దిద్దుబాటు ఇది. కుంపటి ఎవర్నీ కాపాడలేదు. కుంపటే చంపబోయింది. కాపాడింది నువ్వు, నా మాట వినకుండా.

గాలి సోకిందన్న అబద్ధానికి నేను ఏటా నూకాలమ్మకి ఒక కోడిని కూడా మొక్కించాను. పదిహేడేళ్లు. అసలు సంగతి తెలిసి కూడా అమ్మవారు ఏమీ అనకుండా పుచ్చుకుంది.

నీకు రాసే ముందు మీ అమ్మకి చెప్పడం ధర్మం కనుక గురువారం నాడు చెప్పాను. విజయ బియ్యం ఏరుతోంది. విన్నది, చేట కింద పెట్టింది, లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు నాతో మాట లేదు. అన్నం పెట్టింది, మందు బిళ్ల పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు. నేనూ అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. ఈ ఉదయం టీ గ్లాసు నా పక్కన పెట్టి నిలబడింది.

"ఇంతకీ అత్తా, ఆ పదిహేడు కోళ్లు ఎవలు తిన్నారు?"

"మనమే."

"నా పిల్లని దొంగని సేసి, ఆ కోళ్లు నాసేతే వండించినావా?"

"అవునే."

చెంగుతో ముఖం తుడుచుకుని, "నానిప్పుడే నిన్ను సమించీసినానని అనుకోకు. ముందు అమ్ముల్కి రాయి. నానూ సెప్పను, మీ అబ్బాయీ సెప్పడు. నీ సేత్తో నువ్వే రాయాల. ఆ కుంపటి ఎలిగించకుండా సూడు," అంది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "టీ సల్లారిపోద్ది, తాగు," అంది. ఇంట్లో వాతావరణం మెల్లగా తేరుకుంటోందని నా అంచనా. సంతోష్‌కి కూడా చెప్పాను. వాడు జపాను భాషలో నా తరఫున నీకు క్షమాపణ చెప్పాడు. మొత్తానికి ఆ మాట ఒకందుకు పనికొచ్చింది.

నేను తెలుగులోనే చెప్తాను. తప్పు నాది అమ్ములూ. నన్ను క్షమించు. తొందరేం లేదు, మీ అమ్మ క్షమించాక నువ్వు క్షమించొచ్చు.

ఇంక చలి సంగతి. చలి పోవడానికి నిప్పే అక్కర్లేదు. కరెంటు లేకపోయినా మీ వంటింట్లో గ్యాసు పొయ్యి వెలుగుతుందన్నావు కదా. అక్కడి కిటికీ బెత్తెడు తీసి నీళ్లు కాచుకోండి. మందపాటి సీసాల్లో పోసి, మూత బిగించి, మేజోడులో దూర్చి, పాదాల దగ్గర ఒకటి, పొట్ట దగ్గర ఒకటి పెట్టుకోండి. ముగ్గురూ ఒకే గదిలో ఉండి, దుప్పటిని డేరాలా కట్టుకోండి. మీ ఆశ్రమం స్టోరులో కరెంటు అక్కర్లేని కిరసనాయిలు వత్తి స్టవ్వు ఉందనీ, మేనేజరమ్మ ఇస్తానంటే పాతకాలంది మాకొద్దన్నామనీ రాశావు. పాతకాలందాన్ని అంత తేలిగ్గా తీసిపారెయ్యకు, నేనూ ఆ బాపతే. అయితే నాలాంటిదాన్ని పూర్తిగా నమ్మకు కూడా. అది వెలుగుతున్నంతసేపూ గంటకోసారి లేచి కిటికీ తియ్యాలి. మంచు లోపలికి వచ్చినా సరే. మిగతా ఇద్దరూ తిట్టినా సరే. ఆ పని నీదే. నీకు అనుభవం ఉంది.

సు సు శనివారం సాయంత్రానికి నీ దగ్గరుంటుంది. ఆదివారం నాకో పని చేసి పెట్టు. మేనేజరమ్మని అడిగి ఆ వత్తి స్టవ్వు తెచ్చుకో. కుంపటి కొన్న దుకాణానికి తిరిగి వెళ్లి, దాన్ని ఇచ్చేసి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొను. బ్యాటరీతో నడిచేదే అడుగు, గోడకి గుచ్చేది కాదు. బొగ్గులు మాత్రం పారెయ్యకు. గుడ్డలో మూటకట్టి బూట్ల అరలో పెట్టు, తడి వాసన పీలుస్తాయి. అలారం మీరు పడుకునే చోట పెట్టి, దాని బొత్తాం నొక్కి, ఎలా అరుస్తుందో ఫోన్లో రికార్డు చేసి నాకు పంపు. మాకు కరెంటు వంతు ఆదివారం ఐదింటికి. మీ అమ్మ, నేను ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటాం.

ఇట్లు,
నిన్ను కొట్టిన చేత్తోనే ఇదంతా రాసిన
మీ మామ్మ
చిన్నతల్లి