బియ్యం డబ్బా మీద కాగితం

స్వరూపా,

నువ్వు పోయి రేపటికి మూడేళ్లు. నిన్న సూర్యాపేటలో శిక్షణకు వెళ్లాను. ఇళ్లల్లో ఆడవాళ్లను కొట్టడం ఆపించడానికి ఊరికొకరిని తీసుకుంటున్నారు. అంగన్‌వాడీ టీచర్ని కదా, గరిడేపల్లి నుంచి నన్ను పిలిచారు.

మధ్యాహ్నం అందరికీ ఒక ప్రశ్న ఇచ్చారు. పెళ్లైన చెల్లెలు చెప్పకుండా ఇంటికొచ్చింది, మండుటెండలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది, మీరేం చేస్తారు అని.

"రెండు రోజులు ఉంచుకుంటాం. ఒడిబియ్యం పోసి, కొత్త చీర పెట్టి, మిర్యాలగూడ బస్సెక్కిస్తాం" అని రాశాను. అలా ఎక్కించిన పదహారో రోజు నిన్ను అంబులెన్స్‌లో తెచ్చిన సంగతి రాయలేదు.

శిక్షణ ఇచ్చే మేడం నా పక్కన కూర్చుంది.

"గిదేంది టీచర్, పొద్దుగాల నుంచి చెప్పింది ఇనలేదా?"

"ఇన్న మేడం. మేం చేసింది రాసిన."

ఆమె ఆ కాగితం మడిచి తన దగ్గర పెట్టుకుంది. సాయంత్రం నన్ను తీసుకున్నామని చెప్పారు.

ఫీజు తీసుకోని వకీలు, వెంటనే వెళ్లి ఉండటానికి గది, ఎప్పుడు చేసినా ఎత్తే ఫోన్, అన్నీ ఒకే పేజీలో రాసిచ్చారు. వాటిలో కొన్ని నువ్వున్నప్పుడూ ఉన్నాయట.

ఇంటికొచ్చి ఆ పేజీని బియ్యం డబ్బా మూత మీద అతికించాను. అమ్మకు చదువు రాదు కదా.

"ఏం రాసిండ్రే?" అంది.

చదివి వినిపించాను. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. అమ్మ బియ్యం డబ్బా మూత తీయలేదు.

"ఇంకోపాలి సదువు" అంది.