పదిమందిలో అన్న మాట

ఆగస్టు 7, గురువారం

రేపల్లెలో మొదటి రోజు. పద్నాలుగు మంది వచ్చారు, అందరూ చేపలమ్ముకునేవాళ్లే. సమస్య ఒక్కటే — పొద్దున్నే తట్టలతో ఎక్కితే ఆటోవాళ్లు దింపేస్తున్నారు. వాసనట. మిగతావాళ్లు ఎక్కరట. ఎండెక్కేలోపు బజారుకి చేరకపోతే చేప మెత్తబడిపోతుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టరు.

వాళ్ల సమస్యకి వాళ్లచేతే దారి వెతికించడం మా సంస్థ పని; పద్ధతి మాత్రం నాది. తలా ఒక చీటీ, తలా ఒక పెన్ను. మాటల్లేవు. అయిదు నిమిషాలు రాయడం, చీటీ పక్కవాళ్లకి అందించడం, వాళ్లు దాని కింద ఇంకో ఆలోచన చేర్చడం. ఎవరి ఆలోచననీ కాదనకూడదు — ఇది మొదటి నియమం. రాయడం వచ్చా అని ముందే అడిగాను. అందరూ తలలూపారు.

పెన్నుల మూతలు తీయకముందే నాంచారమ్మ గారు లేచారు. అందరిలోకీ పెద్దావిడ. అక్కడి అలవాటేంటంటే ముందు ఆవిడ మాట్లాడతారు, తర్వాత మిగతావాళ్లు "అవునండి" అంటారు. అలాగైతే పద్నాలుగు బుర్రలెందుకు, ఒకటి చాలు. "అసలు సంగతేంటంటే అమ్మాయ్..." అని మొదలుపెట్టారు.

"పెద్దమ్మా, మీరు ఆఖర్న చెబుదురుగానీ, ముందు కూర్చోండి" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ఆవిడ కూర్చోలేదు. తట్ట తీసుకుని వెళ్లిపోయారు. కాసేపటికి మిగతావాళ్లు కూడా ఇంట్లో పనుందంటూ ఒక్కొక్కరే లేచారు. చీటీలు తెల్లగా మిగిలాయి.

ఆవిడ పనుండి వెళ్లారనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆగస్టు 8

ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. పాలవాడితో "అర లీటరు" — అంతే.

ఆగస్టు 14, గురువారం

నాంచారమ్మ గారు రాలేదు. మిగతా పదముగ్గురూ వచ్చారు. చీటీలిచ్చాను. కిటికీ దగ్గర టీ తాగుతూ నిలబడ్డాను. వెనక్కి తిరిగేసరికి చీటీలు తయారు. నాకెంత సంతోషమో.

విప్పి చూద్దును కదా, పదమూడూ ఒకే దస్తూరి. రాయడం వచ్చింది ఒక్క ధనలక్ష్మికేనట. అందరి తరఫునా తనే రాసేసింది. మొదటి రోజు తలలెందుకు ఊపారంటే — రాదని పదిమందిలో ఎవరు చెప్పుకుంటారు. అలా అడగడమే నా తప్పు.

పదమూడింటిలోనూ ఒకే మాట. "పెద్దమ్మ చెప్పినట్టే."

"పెద్దమ్మ ఏం చెప్పింది?" అన్నాను.

"చెప్పనిచ్చారేంటండి" అంది ధనలక్ష్మి, చాప చుడుతూ.

తిరుగు రైల్లో తెనాలి దాకా ఆ మాటే. పెట్టె దాదాపు ఖాళీ.

ఆగస్టు 17, ఆదివారం

వంట చేయబుద్ధి కాలేదు. పెరుగన్నం. కింద వాటాలో ఇంటివాళ్లకి చుట్టాలొచ్చారు, నవ్వులు పైకి వినిపిస్తున్నాయి. ఒంటరిగా ఉంది. రాయడానికి సిగ్గెందుకు, ఇది చూసేదెవరు గనక.

పద్మ ఉంటే ఈ రేపల్లె గొడవ వచ్చేదే కాదు.

రెండేళ్ల కిందట, బాపట్ల ఆఫీసులో, నెలవారీ మీటింగులో. తొమ్మిది మందిమి ఉన్నాం. "చదువు రానివాళ్లకి చీటీలేంటి ఉషక్కా" అంది పద్మ. "తలా మూడు గవ్వలిద్దాం. నోరు విప్పిన ప్రతిసారీ ఒక గవ్వ చేటలో వెయ్యాలి. గవ్వలు అయిపోయినవాళ్లు వినాలి. మిగిలినవాళ్లు మాట్లాడాలి. అప్పుడు పెద్దవాళ్లని ఆపక్కర్లేదు, చిన్నవాళ్లని బతిమాలక్కర్లేదు."

"అష్టాచమ్మా ఆడించడానికా మనకి జీతాలిచ్చేది. పనికిరాదు" అన్నాను. అందరూ నవ్వారు.

ఎవరి ఆలోచననీ కాదనకూడదు — ఆ కాగితం రాసి ఆ గదిలో గోడకి అంటించింది నేనే. దాని కిందే కూర్చుని అన్నాను. చీటీలు నా పద్ధతి మరి. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

పదకొండేళ్లు జంటగా తిరిగాం. పొన్నూరు, చీరాల, రేపల్లె... ఒకే క్యారేజీలో తిన్నాం. ఆ నెలే పద్మ ఊళ్లు తిరగడం మానుకుని ఆఫీసు పనికి మారింది. ఇప్పుడు ఎదురుపడితే "నమస్కారమండి" అంటుంది. అండి... అదొక్కటీ భరించలేను.

ఎన్ని మెసేజీలు పెట్టానో. క్షమించమని, ఒక్కసారి మాట్లాడమని. చదువుతుంది, నీలం గీతలు పడతాయి. జవాబుండదు.

ఆగస్టు 20, బుధవారం

నాంచారమ్మ గారి ఇంటికి వెళ్లాను. తెనాలి బెల్లం జిలేబీ అరకిలో పట్టుకుని. ఆవిడ వల బాగుచేస్తున్నారు. మర్యాదగానే కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. పొట్లం మాత్రం ముట్టుకోలేదు.

"పెద్దమ్మా, ఆ రోజు నేను అలా ఆపాల్సింది కాదు. తప్పయింది" అన్నాను.

వల మీంచి తలెత్తలేదు. "నాకు కోపమేం లేదమ్మా."

"మరి రేపు రండి."

"నన్ను ఎంతమందిలో కూర్చోమన్నావు?"

"పద్నాలుగు..."

"ఇక్కడెంతమందున్నారు?"

కోడి తప్ప ఎవరూ లేరు.

"పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి అమ్మాయ్. మా కట్టుబాటు అది. మొగుడూ పెళ్లాల కాణ్ణించి పడవల తగాదాల దాకా అంతే. ఊరంతా చూస్తుండగా తిట్టి, గుమ్మంలోకొచ్చి చెవిలో చెప్పిపోతే, చూసినోళ్లకి నేనింకా తిట్లు తిన్నదాన్నేగా."

వచ్చేటప్పుడు జిలేబీ పొట్లం నా చేతిలో పెట్టారు. "ఆళ్లందరికీ పెట్టు" అన్నారు.

ఆగస్టు 21, గురువారం

జిలేబీ పంచాను. పంచుతూ చెప్పాను. పదముగ్గురి ముందూ. "పెద్దమ్మని కూర్చోమనడం నాదే పొరపాటు. ఈ మాట ఆవిడకి చెప్పండి." రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లుగా గుంపుల ముందు మాట్లాడుతున్నదాన్ని, తడబడటమేంటో.

చీటీలు సంచీలోనే ఉంచేశాను. ధనలక్ష్మి కూతురి గవ్వల డబ్బా తెప్పించి తలా మూడు పంచాను. పద్మ చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా. మధ్యలో చేట. మాటకొక గవ్వ. మొదట నవ్వుకున్నారు. తర్వాత జాగ్రత్తగా వాడటం మొదలుపెట్టారు, పెళ్లిలో నెయ్యి వడ్డించినట్టు.

అందరివీ అయిపోయాయి. పోలమ్మ చేతిలో మాత్రం మూడూ ఉన్నాయి. ఆ మనిషి గొంతు నేనింతవరకు వినలేదు. అందరూ ఆమె వైపే చూస్తూ కూర్చున్నారు. చివరికి ఒక గవ్వ వేసింది.

"వాసన చేపది కాదండి. నీళ్లది. తట్టలోంచి కారి సీటు కిందకి చేరద్ది. మేం దిగిపోయినా అది దిగదు."

ఎవరూ మాట్లాడలేదు. గవ్వల్లేవు కదా.

ఇది పద్మకి చెప్పాలనిపించింది. ఫోన్ తీశాను. ఏమని పెట్టను... నీ అష్టాచమ్మా పనికొచ్చిందనా? మళ్లీ లోపల పెట్టేశాను.

ఆగస్టు 28, గురువారం

నిన్న చవితి. ఒక్కదానికి ఉండ్రాళ్లెందుకని అనుకుంటూనే చేశాను. ఇంటావిడకి ఇవ్వగా ఇంకా అయిదు మిగిలాయి. ఇవాళ డబ్బాలో పెట్టుకుని రేపల్లె తీసుకెళ్లాను.

ఇవాళ తిరగేసిన ప్రశ్న. సమస్య ఎలా తీరుతుందని కాకుండా, ఇంకా ఎలా పాడవుతుందని అడగడం. "ఆటోవాడు మిమ్మల్ని జన్మలో ఎక్కించుకోకూడదంటే ఏం చెయ్యాలి?" ఇక ఆగలేదు. తట్ట వాడి ఒళ్లోనే పెట్టాలంది ఒకామె. కారే నీళ్లు బడిపిల్లల చెప్పుల్లోకి పోయేలా చూడాలంది ఇంకొకామె. అన్నీ అయ్యాక ఒక్కోదాన్నీ బోర్లించాం — మూతలున్న ప్లాస్టిక్ టబ్బులు, సీటు మీద కాకుండా వెనక, బడి వేళకి ముందే.

అప్పుడు చూశాను, గడప దగ్గర నాంచారమ్మ గారు. ఎప్పుడొచ్చారో. లోపలికి రమ్మంటే రాలేదు. లేచి నిలబడి మళ్లీ చెప్పాను, ఈసారి ఆవిడ ముఖం చూస్తూ. ఆవిడ నా వైపు చూడలేదు. గదంతా కలియజూశారు, అందరూ విన్నారా లేదా అని. వెళ్లిపోయారు.

సెప్టెంబరు 4, గురువారం

వచ్చారు. చాప మీద కూర్చున్నారు. మూడు గవ్వలు అడిగి తీసుకున్నారు.

మొదటి గవ్వ ఆటో స్టాండు పెద్దతో తనే మాట్లాడతానని. ఆయన ఆవిడ దగ్గరే చేప కొంటాడట. రెండోది టబ్బుల మూతలకి తాడు కట్టాలని.

నేను ఉండబట్టలేక అడిగాను. "పెద్దమ్మా, మొదటి రోజు మీరేదో చెప్పబోయారు. అసలు సంగతేంటంటే అని. ఏంటది?"

ఆవిడ ఆలోచించారు. "గుర్తు లేదమ్మాయ్" అన్నారు.

నెల్లాళ్లుగా ఆ మాట కోసం నేను నిద్రలేకుండా ఉన్నాను. ఆవిడ మర్చిపోయారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అంటే పోగొట్టుకున్నది ఆ ఆలోచన కాదన్నమాట.

మూడో గవ్వ నా ముందు వేశారు. "ఎప్పుడూ ఒక్కదానివే వస్తావేంటి? నీకు జత లేరా?"

గవ్వ వేసి అడిగితే జవాబు చెప్పాలి. ఆ నియమం తర్వాత నేను చేర్చిందే. పద్నాలుగు మంది ముందు చెప్పాను — పద్మ, గవ్వలు, నేనన్న మాట, నవ్విన మిగతావాళ్లు. మెసేజీల సంగతి కూడా.

"ఆ మెసేజీలు ఎవరు చూస్తారు?"

"తనొక్కతేనండి."

"నా గుమ్మంలోకి జిలేబీ తెచ్చినట్టేగా అది" అన్నారు నాంచారమ్మ గారు.

రైలు గంట లేటు. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏడ్చాను. అటూ ఇటూ చూసే ఏడ్చాను. పదిమందిలో కాదు.

సెప్టెంబరు 6, శనివారం

బాపట్ల. నిడుబ్రోలు దాటేదాకా చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసుకుంటూనే ఉన్నాను. చీటీల మనిషిని కదా. దిగేటప్పుడు చించేశాను.

మీటింగులో ఎనిమిది మంది. పద్మ చివర కూర్చుని వివరాలు రాసుకుంటోంది. రేపల్లె పని గురించి నా వంతు వచ్చింది. టబ్బులతో రెండు రోజులుగా ఆటోలు ఎక్కించుకుంటున్నాయని చెప్పాను. మెచ్చుకున్నారు. అప్పుడు లేచి నిలబడ్డాను.

"ఇది నా పద్ధతి కాదు. పద్మది. రెండేళ్ల కిందట ఇదే గదిలో పద్మ చెబితే పనికిరాదన్నాను. మీరంతా విన్నారు. పనికిరానిది నేనన్న మాట. తప్పు నాది."

ఎవరో గ్లాసు జరిపారు. పద్మ పెన్ను ఆగింది. తలెత్తలేదు. నేనింకా నిలబడే ఉన్నాను, ఎలా కూర్చోవాలో తెలియక.

"తర్వాత అంశం ఏంటండి?" అంది పద్మ.

కూర్చున్నాను.

సెప్టెంబరు 7

తలుపు తీయలేదు ఇవాళ.

సెప్టెంబరు 11, గురువారం

"చెప్పావా?" అన్నారు నాంచారమ్మ గారు, గవ్వలు పంచకముందే.

"చెప్పానండి."

"ఏమంది?"

"తర్వాత అంశం ఏంటంది."

పోలమ్మ అయ్యో అంది. ధనలక్ష్మి నా వైపు చూడలేక చేట సర్దింది. నాంచారమ్మ గారు మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుని, ఇదేం పెద్ద విషయం కానట్టు అన్నారు: "నువ్వు చెప్పిన రోజే నేనొచ్చానేంటి? గడప దాకా ఒకసారి, చాప దాకా ఇంకోసారి. నీ ఒక్క మాటకే లేచొచ్చేస్తే దానికి విలువేముంది."

"మళ్లీ చెప్పినా తను రాకపోతే?"

ఆవిడ గవ్వల కోసం చెయ్యి చాపారు.

సెప్టెంబరు 19

రేపల్లె పని వచ్చే వారంతో అయిపోతుంది. ఆ తర్వాత గురువారాలు ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

సెప్టెంబరు 25, గురువారం

ఆఖరి రోజు. పోలమ్మ గవ్వలు మూడూ మొదటి పది నిమిషాల్లోనే అయిపోయాయి, అప్పు ఇమ్మని పక్కామెని అడుగుతోంది. నాంచారమ్మ గారు ఎండు చేపలు కట్టించారు. గవ్వలు కూడా, ధనలక్ష్మి కూతురినడిగి, ఒక గుడ్డలో మూటగట్టి ఇచ్చారు. "ఇయ్యి నీవి కాదుగా. ఎవరివో ఆళ్లకియ్యి."

రైల్లో చేపల వాసనకి ఎదుటి సీటాయన లేచి వెళ్లిపోయాడు. మొదటిసారి నాకు కోపం వచ్చింది.

సెప్టెంబరు 29

ఆఫీసుకి ఫోన్ చేశాను, మీటింగులో నాకు ముందే రెండు నిమిషాలు కావాలని. ఎత్తింది పద్మే.

"దేని గురించండి?"

"పోయిన మీటింగులో చెప్పిందే. మళ్లీ చెప్పాలి."

అటువైపు కాగితం తిప్పిన చప్పుడు. "రాసుకున్నానండి" అంది. ఫోన్ పెట్టేసింది.

అక్టోబరు 3, శుక్రవారం

రేపటి మీటింగు అంశాల కాగితం ఫోన్‌లో వచ్చింది. పద్మ తయారుచేసిందే, ఆ వరసా ఆ గీతలూ నాకు తెలుసు. మొదటి అంశం: ఉషారాణి గారు. ఎదురుగా విషయం ఏమీ రాయలేదు, ఖాళీ.

గారు అనే రాసింది.

పక్కన సమయం గడి. రెండు నిమిషాలడిగాను. పది నిమిషాలు వేసింది.

రెండు నిమిషాలు నావి. మిగతా ఎనిమిదీ ఎవరివో తెలియదు. గవ్వల మూట సంచీలో పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. పొద్దున ఆరింటికి రైలు.