బతికుండగానే పలకరింపు

గుమ్మఘట్ట మండలం,
12 మే 2009

ప్రియమైన మరదలు పిల్లకు,

నువ్వు రాసి పంపిన ఏడో భాగం నిన్న చేరింది. చేరిన పూటే చదివాను, చదివిన పూటే చెప్పేశాను. బెంగళూరులో నర్సు చదువు చదివేది నువ్వు, ఊర్లో పేరొచ్చింది నాకు! విత్తనానికి చెనక్కాయలు ఒలవాలంటే ఈ ఏడు అందరిదీ ఒకటే మాట, "జయంతి వాళ్ల అరుగు మీద కూసుందాం" అని. పక్కింటి ఆంజినమ్మ తన మూట తెచ్చి మన గుమ్మం ముందరే దించింది. పైవీధి వాళ్లు కూడా చేటలు పట్టుకొని దిగుతున్నారు. నాకు గర్వమా అంటే గర్వమే, దాచుకోవడమెందుకు?

నీ హాస్టల్లో ఆ మణిపూర్ పిల్ల మెమ్చా కొరియా నాటకాల సీడీలు వేస్తుంది. నువ్వు తెర కింద ఇంగ్లీషు చదివి నాకు తెలుగులో రాస్తావు. నేను వీళ్లకు మన మాటలో చెబుతాను. ఇన్ని చేతులు మారేసరికి సువా కాస్తా సువ్వక్క అయింది, జిన్హో జిన్నప్ప అయ్యాడు.

"ఏడు భాగాలైపాయె, ఆ జిన్నప్ప ఇంకా ఆ పిల్ల చెయ్యి గూడా పట్టుకోల్యా. వానికేమన్నా రోగమా?" అని ఆంజినమ్మ గొడవ.

"తొందరేమే నీకు? వాన పడకముందే విత్తుతామా?" అంది మారెక్క. మారెక్క నోట ఎకసెక్కం! కరువుకు ఓర్వలేక ఆమె మొగుడు రంగన్న తన ప్రాణం తనే తీసుకున్నాక, పదిమందిలో ఆమె నవ్వగా నేను చూడలేదు. ఇప్పుడు సువ్వక్క కోసం అందరికన్నా ముందు వచ్చి కూర్చునేది ఆమే.

మీ అన్న సంగతి అడిగావు. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా నడిచి, నీళ్లున్న చోటు చూపించే మనిషి. ఆయన చూపించిన బోర్లు ఎన్ని ఊళ్లలో పారుతున్నాయో నీకు తెలుసు. పోయిన నెల ఓబుళేసు మామ చేన్లో ఆయన చూపించిన చోట బోరేస్తే, దుమ్ము తప్ప ఏమీ లేవలేదు. తర్వాత మన చేన్లోనూ అంతే. ఊరన్నాక నాలుగు మాటలు అంటుంది కదా. అప్పటి నుంచి మాటా తగ్గింది, తిండీ తగ్గింది. బోరు పోతే పీడా పోయె, మనిషి బాగుంటే చాలునని నా దిగులు.

ఎనిమిదో భాగం తొందరగా రాయి. లేదంటే ఆంజినమ్మ బస్సెక్కి వచ్చేట్టుంది.

నీ వదిన,
జయంతి

*

బెంగళూరు,
18 మే 2009

ప్రియమైన వదినకు,

నీ జాబు మెమ్చాకు ఇంగ్లీషులో చెప్పాను. జిన్నప్ప అనగానే మంచం మీద పడి ఒకటే నవ్వు. ఆదివారం ఇద్దరం ఇంటర్నెట్ సెంటరుకు పోయాం. ఈ నాటకాలంటే ప్రాణమిచ్చేవాళ్లు దేశదేశాల నుంచి రాసుకునే చోటొకటి ఉంది. అక్కడ మీ అరుగు సంగతి రాశాం. ఫిలిప్పీన్స్ నుంచి ఒకావిడ "ఆ అరుగు మీద నాకూ కాస్త చోటుంచండి, నాకు ఒలవడం నేర్పండి" అని జవాబిచ్చింది. ఇక నీ తల మీద కొమ్ములు మొలిస్తే నా పూచీ లేదు.

ఎనిమిదో భాగం పక్క కాగితాల్లో పూర్తిగా రాశాను. దాన్లో సువా చెప్పు తెగిపోతుంది. జిన్హో ఆమెను వీపు మీద ఎక్కించుకొని కొండ మీది ఇంటిదాకా మోస్తాడు. దారి పొడుగునా ఒకే ఒక్క మాట అడుగుతాడు, "అన్నం తిన్నావా?" అని. ఈ నాటకాల్లో ప్రేమ అంత సులువుగా నోట రాదు వదినా. తిన్నావా అని అడిగారంటే అదే. ఆ మాటకు సువా ఏడ్చేస్తుంది. ఆ వేషం కట్టిన యున్ హేరిన్ అనే అమ్మాయి ఏడిస్తే, మా గదిలో ఎవరికీ కళ్లు ఆరవు. పత్రికల వాళ్లు ఈ మధ్య ఆమె మీద ఏవేవో రాస్తున్నారట. అభిమానులంతా ఆ పత్రికల మీద కత్తులు నూరుతున్నారు.

అన్న తిండి తగ్గిందన్నావు. ఎందుకు? నువ్వు జిన్నప్ప లాగా పక్కన కూర్చొని అడుగు. నాకు మాత్రం దాచకుండా రాయి.

నీ మరదలు,
భారతి

*

గుమ్మఘట్ట మండలం,
27 మే 2009

ప్రియమైన భారతికి,

వీపు మీద మోసిన భాగం నిన్న చెప్పాను. అరుగు మీద ఒక్క చెనక్కాయ పగిలితే ఒట్టు! అందరూ చేతులు ఆపేసి నోళ్లు తెరుచుకొని విన్నారు. చివర్లో మారెక్క తల వంచుకొని, "మాయప్ప గూడా మోసినాడు" అంది.

"ఎవురే?" అంది ఆంజినమ్మ.

"రంగన్నే. ఒక ఏడు వంక పారె కదా, ఆ ఏడు. నీళ్లు మోకాలు గూడా లేవు. నేను నడుస్తానంటే ఇన్ల్యా. ఎత్తుకొని అవతల దించినాడు." అని నవ్వింది. చీర కొంగు అడ్డం పెట్టుకొని మరీ నవ్వింది. ఈ నవ్వు తెప్పించింది మన కథే భారతీ, నీదీ నాదీ! ఊర్లో ఎవరైనా నన్ను ఏమన్నా అననీ, ఈ ఒక్కటి నాకు చాలు.

ఇంకో మంచి మాట. మీ అన్న తేరుకున్నాడు. వారం నుంచి మనిషి నెమ్మదిగా ఉన్నాడు, పలకరిస్తే నవ్వుతున్నాడు. చేనుకాడికి పోయి ఎండిన బోరు పక్కన కూర్చుంటాడు, అంతే. తన చేతిగడియారం మన తిప్పేష్‌కు ఇచ్చేశాడు. బస్సు కండక్టరుకు టైము కావాలి, నాకెందుకు అన్నాడు. నన్ను కూర్చోబెట్టి పాసుపుస్తకం, రేషన్ కార్డు ఎక్కడున్నాయో చూపించాడు. పెళ్లయిన నాటి నుంచి అడిగినా చూపించని మనిషి! ఇప్పటికి నాకూ బుద్ధుందని ఒప్పుకున్నాడు. మొన్నటి దాకా దిగులుపడ్డాను గానీ, ఇప్పుడు నిండుగా నిద్ర పోతున్నాను.

తొమ్మిదో భాగం పంపు.

నీ వదిన,
జయంతి

*

బెంగళూరు,
1 జూన్ 2009

ప్రియమైన వదినా,

ఈ జాబు తిప్పేషన్న చేతికిచ్చి పంపుతున్నాను. బస్సు కదిలేలోపు రాయాలి. ఇది తొమ్మిదో భాగం కాదు.

సువా వేషం కట్టిన యున్ హేరిన్ చనిపోయింది. తనే ప్రాణం తీసుకుంది. నిన్న సెంటరులో చూశాం. అభిమానులంతా అక్కడే ఏడుస్తున్నారు, తిట్టుకుంటున్నారు. పత్రికలు చంపాయని ఒకరు, ప్రేమించినవాడు వదిలేశాడని ఒకరు, జనం నోళ్లే చంపాయని ఇంకొకరు. ఎట్లా పోయిందని కొందరు ఒకటే ఆరా. మెమ్చా కోపం పట్టలేక ఆ పేజీ మూసేసింది. అది నీకూ రాయను. ఆమె ఎట్లా బతికిందో ఇన్నాళ్లూ రాశాను, మనకు అది చాలు.

కానీ ఆమె స్నేహితురాలు చెప్పిన మాట ఒకటి రాయాలి. చివరి రోజుల్లో చాలా నెమ్మదిగా ఉందట. నవ్విందట. తన వస్తువులు తెలిసినవాళ్లకు పంచిపెట్టిందట. "తేరుకుందనుకున్నాం" అంది ఆ స్నేహితురాలు.

వదినా, అది చదివి నీ జాబు మళ్లీ తీశాను. ఇంటికున్న ఒక్క ఫోనూ అన్న దగ్గరే కదా, చేస్తే "అంతా బాగుండాదమ్మా, నువ్వు బాగా చదువుకో" అని పెట్టేశాడు. ఇప్పుడు బస్టాండులో తిప్పేషన్న చేతికి అన్న గడియారం కనబడింది.

నేరుగా అడుగు. చుట్టూ తిప్పి కాదు, చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆ మాటతోనే అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదని మా టీచరమ్మ చెప్పింది. ఉన్న బరువు కాస్త దిగుతుంది. ఒంటరిగా వదలకు. ఇంట్లోనూ చేన్లోనూ ప్రమాదమైనవి ఏమున్నా తీసి వేరే ఇంట్లో పెట్టించు. అనంతపురం పెద్దాసుపత్రిలో మనసుకు వైద్యం చేసే డాక్టరుంటారు, తీసుకుపో. ఇది సిగ్గుపడే జబ్బు కాదు.

ఎల్లుండి నాకు పరీక్ష. నువ్వు రమ్మంటే పరీక్ష గిరీక్ష వదిలేసి వస్తాను. తిప్పేషన్నతో ఒక్క మాట పంపు.

భయంతో,
నీ భారతి

*

గుమ్మఘట్ట మండలం,
9 జూన్ 2009

ప్రియమైన నా భారతికి,

"పక్కనే ఉన్నాను, పరీక్ష రాయి" అని తిప్పేష్‌తో చెప్పి పంపాను కదా. ఇప్పుడు మొత్తం రాస్తాను, కూర్చొని చదువు.

తిప్పేష్ జాబు తెచ్చేసరికి అరుగు నిండా జనం. మీ అన్న చేనుకాడ ఉన్నాడు. తొమ్మిదో భాగమనుకొని అందరూ "చదువు, చదువు" అని అరిచారు. మొదటి మాటలు గట్టిగానే చదివాను. తర్వాత ఆపలేకపోయాను భారతీ. మీ అన్న సంగతి కూడా చదివేశాను. ఇంటి గుట్టు వీధిన పెట్టానని నువ్వేమైనా అనుకో, నా నోరు నా మాట వినలేదు.

ఆంజినమ్మ "అయ్యో సువ్వక్కా!" అని గుండె బాదుకుంది. చావు కబురొస్తే పని ముట్టుకోము కదా, అందరూ చేటలు పక్కన పెట్టేశారు. "పలకరింపుకు పోదామంటే ఆ ఊరు యాడుండాదో!" అని ఎవరో అన్నారు.

అప్పుడు మారెక్క ఒళ్లోని పొట్టు దులుపుకొని లేచింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"రంగన్న పోయినప్పుడు పలకరింపుకు ఊరంతా వచ్చె. పక్కూర్ల నుంచి గూడా వచ్చిరి. అరుగు పట్టల్యా. ముందు రోజు ఒక్కరొచ్చి, ఏమప్పా ఎట్లుండావు అని అడిగింటే? ఆయప్ప గూడా నవ్వుతానే ఉండె. నవ్వుతాండాడులే అని నేనూ అనుకుంటి. సువ్వక్క కాడికి మనం పోలేం. కేశవ కాడికి పోలేమా? ల్యాండే!"

లేచారు, అందరూ లేచారు! చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి నేను ముందు పరుగెత్తాను, నా వెనక అరుగంతా పరుగెత్తింది. మీ అన్న ఆ ఎండిన బోరు పక్కనే కూర్చుని ఉన్నాడు. ఇంతమందిని చూసి ఎవరికేమైందోనని లేచి నిలబడ్డాడు. నువ్వు చెప్పినట్టే అడిగాను.

"ఏమయ్యా, సచ్చిపోదామనుకుంటాండావా?"

మీ అన్న బోరు వైపు తిరిగాడు. నా ముఖం కూడా చూడలేదు. తర్వాత "ఊ" అన్నాడు. ఆ ఒక్క ఊకు నేను నెల నుంచి ఎంత దగ్గర్లో తిరిగానో, ఎంత దూరంలో ఉన్నానో! "నేను చూపించిన చోట దుమ్ము లేచె జయంతీ. ఓబుళేసు మామ మొగం ఎట్ల చూసేది? మన మొగం మనమెట్ల చూసుకునేది?" అని కూలబడ్డాడు. పట్టుకున్నాను. పెళ్లయ్యాక అందరి ముందూ మీ అన్నను పట్టుకోవడం అదే మొదలు, నాకేం సిగ్గనిపించలేదు.

ఇంటికి తెచ్చాం. నువ్వు తీయించమన్నవన్నీ ఆంజినమ్మ తన ఇంట్లో పెట్టి తాళం వేసుకుంది. తక్కినవాళ్లు పలకరింపులో కూర్చున్నట్టే ఆయన చుట్టూ గోడలకానుకొని కూర్చున్నారు. మీ అన్నకు రోషం వచ్చింది.

"నేనేమన్నా సచ్చినానా, ఇంతమంది పలకరింపుకు వచ్చినారు?"

"సచ్చినాక వస్తే నీకు తెలుస్తుందా నాయనా? అందుకే ముందే వచ్చినాం. కూడు తిన్నావా?" అంది మారెక్క.

తిన్నావా అన్న మాటకు మీ అన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఎనిమిదో భాగం గుర్తొచ్చి నేనూ ఏడ్చాను.

సాయంత్రం కబురు విని ఓబుళేసు మామ వచ్చాడు. బోరు మాట ఎత్తుతాడేమోనని నేను ఎదురుపోయాను. ఆయన నేరుగా పోయి మీ అన్న పక్కన కూర్చొని, "నీళ్లు ల్యాకపోతే భూమి తప్పురా, నీ టెంకాయది కాదు. మా నాయన కాలంలో నువ్వు ల్యావు, అప్పుడు గూడా బోర్లు ఎండినాయి. నా బోరు పోయిందని నేను ఏడుస్తా, నువ్వు గూడా పోతే ఇంక ఎవర్ని తిట్టుకుందును?" అన్నాడు. మరుసటి రోజు అనంతపురం ఆసుపత్రికి మాతో వచ్చిందీ ఆయనే. డాక్టరు చాలాసేపు మాట్లాడి మాత్రలిచ్చారు, మళ్లీ రమ్మన్నారు. ఒక్క రోజులో తీరేది కాదన్నారు, పక్కన మనుషులుండాలన్నారు. మనుషులకు మన ఊర్లో కరువా!

అసలు సంగతి చెప్పలేదు. ఆ మొదటి రోజు పొద్దుగూకి అందరూ లేచారు. పలకరింపుకు పోయిన ఇంట్లో "పోయొస్తాం" అనకూడదు కదా. చావింటికి మళ్లీ రావాలని ఎవరు కోరుకుంటారు? అలవాటు చొప్పున అందరూ నోళ్లు మూసుకొని, తలలు వంచుకొని, ఒక్కొక్కరే మెట్లు దిగిపోతున్నారు. మీ అన్న వాళ్ల వంకే చూస్తున్నాడు.

మారెక్క గుమ్మంలో అడ్డం నిలబడింది.

"యాడికే మూగెద్దుల మాదిరి పోతాండారు? చావిల్లా ఇది? ఎనక్కి రాండి! చెప్పి పోండి!"

అందరూ నాలుక కరుచుకొని వెనక్కొచ్చారు. మీ అన్న ముందు నిలబడి ఒక్కొక్కరూ గట్టిగా చెప్పారు. "పోయొస్తాం కేశవా." "పోయొస్తానన్నా." "పోయొస్తామప్పా, రేపొస్తాం." కడాన మారెక్క ఆయన తల మీద చెయ్యి పెట్టి, "పోయొస్తా నాయనా, నువ్వుండు" అంది.

మీ అన్న ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "రాండక్కా" అన్నాడు.

ఆ రోజు నుంచి రోజూ వస్తున్నారు. మనుషులు ఇట్లాగే దిగులుగా ఉన్న ఇంకో రెండిళ్లకు కూడా పోదామని మారెక్క లెక్క వేసుకుంటోంది. చదువుకోని మా ఆడవాళ్లు చేసిన పని మీ టీచరమ్మకు చెప్పు, ఆ ఫిలిప్పీన్స్ ఆవిడకూ రాయి. ఈ ఊరి కోడలినైనందుకు నాకు ఇంత గర్వం ఎప్పుడూ లేదు.

పోయిన పిల్ల నవ్వే కథ ఇంక వినేదెట్లా అని ఆంజినమ్మ అడిగింది. "ఉన్నంతసేపు నవ్వింది కదా, ఆ నవ్వు మనం పారేస్తామా?" అంది మారెక్క. కాబట్టి తొమ్మిదో భాగం పంపు. కింద మీ అన్న ఏదో రాస్తానంటున్నాడు.

ఎప్పటికీ నీ వదిన,
జయంతి

చెల్లీ,
గడియారం తిప్పేష్ తిరిగి తెచ్చిచ్చినాడు. వద్దనకుండా కట్టుకున్నా. ఆ జిన్నప్ప పిల్లను చేసుకుంటాడా లేదా? గోడ ఇవతల నుంచి ఎనిమిది భాగాలూ విన్నా, మీ వదినకు తెలీదు. మిగతాది అరుగు మీద కూర్చొని వింటా.

మీ అన్న,
కేశవ