నా కఫం నేను చూస్తే చెల్లదట

మొగలిపాళెం,
14-8-1962.

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు, మొగలిపాళెం సర్కారు ఆసుపత్రి లేబొరేటరీ టెక్నీషియన్ బి. పరంజ్యోతి వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నాకు క్షయ లేదని తేల్చుటకు వేరొక టెక్నీషియనును పంపించుట గురించి.

అయ్యా,

1. ఈ ఆసుపత్రిలో రోగుల కఫము, రక్తము, మలమూత్రములు పరీక్షించు పని నాది. ఉప్పుగాలికి మైక్రోస్కోపు అద్దములు బూజు పట్టకుండ నా సొంత పంచె చించి తుడుచుచున్నాను. ఇంతవరకు నా మీద ఒక్క ఫిర్యాదు లేదు.

2. గత నెలలో మా డాక్టరు పద్మనాభయ్య గారు నన్ను పిలిచి, "నీకు క్షయ అంటున్నారు. లేదని సర్టిఫికెట్టు తెచ్చిందాకా లేబు గడప తొక్కొద్దు" అన్నారు. నాకు దగ్గు లేదు, జ్వరము లేదు. అప్పటికప్పుడే నా కఫము పరీక్షించి, క్రిములు లేవని రిపోర్టు వ్రాసి ఇచ్చినాను. "రోగివీ నువ్వే, సంతకమూ నీదేనా? చెల్లదు" అని తాళంచెవి తీసుకొన్నారు. ఈ చుట్టుపట్ల పరీక్ష చేయువాడు నేను తప్ప లేడు. నెల్లూరు పెద్దాసుపత్రికి పోయి అడిగితే, ఉద్యోగస్థుడివి గనుక పైవారి ఉత్తర్వు తెమ్మన్నారు.

3. ఈ మాట పుట్టించినది మా కాంపౌండరు క్రీస్తురాజు. నాకు తోడబుట్టినవాడు కాడు గాని అంతకంటె ఎక్కువ. నా పెండ్లిలో తోడుపెళ్లికొడుకు అతడే.

4. నా భార్య ఏసుమణికి కూడ చెప్పనిది తమకు చెప్పుచున్నాను. క్షయ ఉన్నది క్రీస్తురాజుకు. ఎండకాలములో అతడి కఫము గాజుపలక మీద పూసి, రంగువేసి చూచినాను. నీలిరంగు నడుమ ఎర్రని సన్నపుల్లలవంటి క్షయ క్రిములు గుంపులుగా ఉన్నవి. అతడు నా కాళ్లు పట్టుకొని, "అన్నా, బయట పెట్టొద్దు. మద్రాసు పొయ్యి సూదులు ఏయించుకుంటా" అన్నాడు. నేను ఆ రిపోర్టు ఎవరికీ చూపలేదు. అతడు మద్రాసు పోలేదు. చర్చిలో అతడి దగ్గు విని పెద్దలు అడిగినందుకు, "నాదేముందయ్యా, క్షయ పరంజ్యోతన్నకు. ఆయన పక్కన కూర్చోని నాకు గూడా పొడిదగ్గు పట్టింది" అన్నాడట. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనవన్నట్లైనది నా పని.

5. మా చర్చిలో ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసము పంచుటకు అందరికీ ఒకటే గిన్నె. ఒకరు తాగినదే మరొకరు తాగుదురు. మొన్నటి బల్ల ఆదివారము నన్ను వెనుక బెంచీకి పంపి, వేరుగా ఇత్తడి గ్లాసు ఇచ్చినారు. క్రీస్తురాజు ముందు వరుసలో గిన్నె అందుకొన్నాడు. అతడు తాగిన గిన్నెనే పాస్టరు గారు ఆడవారి వైపు తీసుకొనిపోయినారు. నిండు నెలలతో ఉన్న నా భార్య కండ్లు మూసుకొని భక్తితో తాగినది. లేచి అరవబోయి ఆగినాను. రోగి గుట్టు బయట చెప్పరాదని నాకు నేర్పినారు, పైగా క్షయవాడని పేరుపడిన నా మాట ఎవరు నమ్ముదురు? క్రీస్తురాజు మాత్రము ఒక్కసారి కూడ నావైపు తిరిగి చూడలేదు.

కావున వచ్చే బల్ల ఆదివారము లోపల ఒక టెక్నీషియనును పంపి, మా ఇద్దరి కఫమును పరీక్షింపజేయ ఉత్తర్వు ఇప్పించవలెనని, నిజము నలుగురిలో తేల్చవలెనని నేను చేయు మనవి దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బి. పరంజ్యోతి,
తాళంచెవి లేని లేబొరేటరీ టెక్నీషియన్.

తా.క. అర్జీ కవరులో పెడుతుండగా క్రీస్తురాజు మా పెరటి తలుపు కొట్టినాడు. చేతిలో కఫం డబ్బా. "అన్నా, ఇంకో తూరి చూడన్నా. నువ్వు చూస్తేనే నాకు నమ్మకం" అన్నాడు. "సిగ్గు లేదంట్రా నీకు!" అని మొగాన తలుపేసినాను. బయటే కూలబడి దగ్గుతున్నాడు. ఎంతకీ ఆగకపోతే తలుపు తీసినాను. పైగుడ్డ నిండా నెత్తురు. అయ్యా, నా సర్టిఫికెట్టు సంగతి తర్వాత చూడండి. ముందు వీడికి సూదులు పంపించండి.