డాక్టరమ్మ స్కానింగ్ రాయలేదు

చెల్లికి అక్క దీవెనలు.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మరిదిగారి దగ్గు నిజంగానే తగ్గిందా, నేను బెంగపడతానని అలా రాశావా? మీ కోడలి తలనొప్పి? మనవరాలి జ్వరం? ఒక్కొక్కరి సంగతీ విడిగా రాయి. "అందరం కులాసా" అని ఒక్క ముక్క రాస్తే నేను నమ్మను.

నాకు మూత్రానికి వెళ్తే మంట. మా కోడలు ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ మూత్రం పరీక్షకు పంపి, మాత్రలు రాసి, ఇక వెళ్ళమంది. "స్కానింగ్ వద్దా?" అన్నాను.

"మొదటిసారి వచ్చిన ఉత్త మంటకి అక్కర్లేదమ్మా. జ్వరం, నడుంనొప్పి లేవన్నారుగా. మాటిమాటికీ వస్తున్నా, రక్తం పడుతున్నా తీయిద్దాం. రక్తమేమైనా కనబడిందా?"

లేదన్నాను.

కనబడింది చెల్లీ. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అంత చదివిన మనిషి నా మొహం చూసి పోల్చుకోలేదా? నిజంగా నా మేలు కోరేదైతే నేను లేదన్నా స్కానింగ్ రాస్తుంది, చూద్దామనుకున్నాను. రాయలేదు. పైగా నన్ను బల్లమీద కూర్చోబెట్టి, తలుపు దగ్గర ఆవిడా కోడలూ గుసగుసలు. నేను తిరిగి చూడగానే కోడలు నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పెద్ద జబ్బే అయ్యుంటుంది, ఇక చూసి లాభం లేదని తేల్చేసుకున్నట్టున్నారు. ఇది చదివి చింపెయ్యి.

నీ అక్క

చెల్లికి,

నీ జవాబు రాకుండానే మళ్ళీ రాస్తున్నాను. మాత్రలకు మంట పోయింది. పోయాక కూడా కోడలు మళ్ళీ మూత్రం ఇమ్మంది. ఎందుకో చెప్పదు. ఇచ్చాను. నేను నోరు విప్పకుండానే అందులో రక్తం ఉందని తేలింది. ఎప్పటినుంచని కోడలు అడిగితే చెప్పక తప్పలేదు. "మరి ఆ రోజు తలుపు దగ్గర ఏం మాట్లాడుకున్నారు?" అని నేనూ నిలదీశాను.

"మా అత్తయ్య ఏదో దాస్తోంది, మంట తగ్గాక ఇంకోసారి పరీక్ష చేయండి అన్నాను. గ్లాసు కూడా తొలవని మీరు, నేను లేవకముందే మీ లంగాలు ఉతికి ఆరేసుకుంటుంటే నాకు అనుమానం రాదా?" అంది.

నేను దాన్ని అనుమానిస్తుంటే అది నన్ను అనుమానించింది, చూశావా.

ఇప్పుడు స్కానింగ్ రాశారు. కిడ్నీలో రాయి కావచ్చట, ఇంకేదైనా కావచ్చట, చూస్తేనే తెలుస్తుందట. డాక్టరమ్మ మాట సగమే నమ్ముతున్నాను. లోపలికి తోడు ఒక్కరినే రానిస్తారు. కోడలు వస్తానంటే సరేనన్నాను. బయట బల్లమీద నువ్వుండాలి. స్కానింగ్ పద్నాలుగో తారీఖు, గురువారం పొద్దున్నే. నువ్వు పదమూడు, బుధవారం సాయంత్రానికల్లా వచ్చెయ్యి.

నీ అక్క