కమాను కింది మ్యూజియం

పెద్దబాపుకు,

మీరడిగిన అమెరికా యాత్ర వ్యాసం దీంతోపాటే పంపుతున్నాను. రైతు సంఘం సంచికకు ఇచ్చేముందు ఈ ఉత్తరం చదవండి.

ఏ ఊళ్లో ఏ పార్కు, ఏ మ్యూజియం చూడాలో మూడు నెలలు కూర్చుని రాసిచ్చింది నేను. ఇంగ్లిషు వచ్చిన పిల్లనని, వెంట తీసుకుపోతానని మాటిచ్చింది మీరు. తీరా టికెట్ల దగ్గర, "ఆడపిల్లను గంత దూరం తోల్కపోతే నలుగురు ఏమంటరు?" అని మీ కొడుకు రాకేశ్‌ను తీసుకుపోయారు. వాడు గ్రాండ్ కేన్యన్ దగ్గర బస్సు దిగకుండా నిద్రపోయాడని మీరే నవ్వుతూ చెప్పారు.

సెయింట్ లూయిస్‌లో ఆ ఎత్తైన ఉక్కు కమాను ముందు నిలబడి ఫోన్ చేశారు. "బిడ్డా, గిది ఎవలి యాదిల కట్టిండ్రు? పేరు సుత లేదు" అన్నారు, అది పోయినవాళ్ల పేరు రాసి కట్టిన మన వేల్పూర్ దారిలోని కమాను అయినట్టు. దాని కిందే, నేలలోపల, మ్యూజియం ఉందని ఎర్ర పెన్నుతో గీత గీసి ఇచ్చాను. "గంత లోపటికి ఎవరు దిగుతరు" అన్నాడట రాకేశ్. మీరూ దిగలేదు.

ఇప్పుడు దాన్ని మీరు చూసినట్టు నేను రాయాలి. నా పేరు వేస్తారా అంటే, "ఇంట్ల పిల్లవు, నీకు పేరేంది" అన్నారు.

రాశాను. మొదటి వాక్యం ఇది: "ఈ చోట్లలో ఒక్కటీ నేను చూడలేదు. మా పెద్దబాపు పోయి కూడా చూడనివి రాస్తున్నాను." కింద నా పేరుంది. అట్లనే వేయండి, లేదా మానేయండి. ఆ వాక్యం తీసి మీ పేరు పెడితే, సంచిక విడుదల నాడు నేనూ వస్తాను. మైకు అడుగుతాను.

మీ తమ్ముని బిడ్డ,
ఆర్మూర్