మోకాలి ఎక్స్‌రే

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, కంగారుపడకు. మొన్న పిల్లలకు షటిల్ నేర్పుతుంటే కాలు మెలికపడి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఎక్స్‌రే చూసి, "మోకాలి చిప్ప ఎప్పుడో చిట్లిందన్నారు, ఆ జాడే లేదేంటండీ?" అంది. పదేళ్ల కిందట ప్రపంచ పోటీలకు బయల్దేరే ముందు, చిప్ప చిట్లింది, ఇక ఆడితే కుంటిదానివవుతావని చెప్పి ఆట మాన్పించింది కోచ్ గారే కదా! నా బదులు వెళ్లింది ఆయన మేనకోడలు. అప్పటి ఎక్స్‌రే బీరువా అడుగున ఉంటుంది, వెంటనే పంపు. ఆయన ఇంటికొస్తే కాఫీ ఇయ్యి, బీరువా మాత్రం తియ్యకు.

అమ్మ కళ్లజోడు మార్పించావా? బావగారికి నమస్కారాలు. నాన్నను మెల్లిగా అడుగు, ఆ ఎక్స్‌రే స్వయంగా చూశారా, కోచ్ మాట నమ్మే నా పేరు తీసేసే కాగితం మీద సంతకం పెట్టారా అని. ఏం చెప్పినా దాచకుండా రాయి.

నీ చెల్లి